ఆ భవంతి కూలేలోపు: మా వీధి పిల్లలకు ఉత్తరం

నల్లగొండ

చిరంజీవులైన మా వీధి పిల్లలకు ఆశీస్సులు.

మొన్న సాయంత్రం మీరు ఆరుగురూ వచ్చి, బడి వెనుక సందులో ఉన్న పాత భవంతిని కూల్చబోతున్నారని చెప్పి, "తాతా, దాన్ని ఆపలేమా?" అని అడిగినప్పుడు నేను సరైన జవాబు ఇవ్వలేకపోయాను. రాత్రంతా ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏండ్లకు పైగా బడిలో డ్రాయింగు చెప్పినవాణ్ణి కాబట్టి అక్కడక్కడ పాఠం వాసన తగిలితే ఓర్చుకోండి.

ఆపడం మన చేతిలో లేదు. ఆ ఇల్లు ఒక కుటుంబం ఆస్తి. అన్నదమ్ముల వాటాల్లో పడింది. దూలాలకు చెదలు పట్టి, వాన పడితే రెండు అర్రలు కురుస్తున్నాయి. అందులో కాపురమున్న వాళ్లను తప్పుపట్టే హక్కు పక్కింట్లో పడుకునే మనకు లేదు. చట్టం ఉన్నది కదా అంటారేమో. 1958లో వచ్చిన పురాతన కట్టడాల చట్టం కేంద్రం రక్షిత కట్టడాలుగా ప్రకటించిన వాటికి వర్తిస్తుంది. 2010 సవరణ తర్వాత అటువంటి కట్టడానికి చుట్టూ 100 మీటర్ల లోపల కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తీసుకొని కట్టాలి. మన రాష్ట్రానికి 2017లో వారసత్వ చట్టం కూడా వచ్చింది. అయితే ఇటువంటి జాబితాల్లోకి గుళ్లు, కోటలు ఎక్కినంత సులువుగా మనుషులు వండుకు తిన్న ఇళ్లు ఎక్కవు. మన సందులోని భవంతికి ఏ బోర్డూ లేదు.

ఆపలేని ఇంటిని రాసిపెట్టుకోగలం. అదేం పని అని పెదవి విరవకండి.

కృష్ణ, తుంగభద్ర కలిసే చోట కూడవెల్లి అనే ఊళ్లో బాదామి చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం జలాశయం కింద మునిగిపోతుందని తెలిసినప్పుడు ఆ గుడిని విప్పి, అలంపురం తెచ్చి, మళ్లీ నిలబెట్టారు. గుడిని విప్పడమంటే గునపం పట్టుకొని మొదలుపెట్టే పని కాదు. మొదట ఫొటోలు తీయాలి, కొలతలతో పటాలు గీయాలి, ప్రతి రాయి మీదా అంకె వేసి అదే అంకెను పటంలో ఎక్కించాలి. ఏ వరుసలో ఏ రాయి పక్కన ఏది కూర్చున్నదో కాగితం మీద ఖాయమైన తర్వాతే మొదటి రాయిని కదిలించాలి. ఆ కాగితాలు లేకుంటే అలంపురానికి చేరేది రాళ్ల కుప్ప.

నాగార్జునకొండ సంగతి ఇంకా ముఖ్యం. సాగర్ నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 దాకా ఆ లోయలో తవ్వకాలు జరిపారు. బయటపడ్డ పాత కట్టడాల్లో కొన్నింటినే కొండ మీదా, అనుపు అనే చోటా తిరిగి కట్టగలిగారు. మిగిలినవి నీళ్ల కిందికి పోయాయి. పోయిన వాటిని గురించి ఈనాడు ఎవరైనా నాలుగు మాటలు చెప్పగలుగుతున్నారంటే ఆ ఆరేండ్లలో గీసిన పటాలూ, తీసిన ఫొటోలే ఆధారం. మన భవంతి కూడా అట్లా తిరిగి కట్టలేక పోగొట్టుకునే కోవకు చెందినది, కాబట్టి దాని పటం మనమే గీయాలి.

ఇక పని ఎట్లా చేయాలో చెప్తాను. గోడ కొలిచేటప్పుడు కిటికీ దాకా ఒకసారి, కిటికీ నుంచి తలుపు దాకా ఒకసారి అని ముక్కలు ముక్కలుగా కొలవకండి. ముక్క ముక్కకూ అర అంగుళం తప్పు వచ్చి చివరికి అర్ర గోడ దాటి వీధిలోకి వస్తుంది. మూలలో టేపు మొదలు పట్టి, దాన్ని కదపకుండా, కిటికీ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో, తలుపు ఎక్కడుందో వరుసగా చదువుతూ పోవాలి. ఒకరు టేపు పట్టాలి, ఒకరు అంకె చదవాలి, ఒకరు దాన్ని తిరిగి గట్టిగా పలికి రాసుకోవాలి. తర్వాత అర్రను ఐమూలగా, ఈ మూల నుంచి ఆ మూలకు రెండు వైపులా కొలవండి. పాత ఇళ్లలో అర్ర చదరంగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఐమూల కొలిస్తే గాని అసలు సంగతి బయటపడదు. గోడ మందం తలుపు దగ్గర దొరుకుతుంది. ఆ ఇంట్లో అది నా మూర కంటే ఎక్కువే ఉంటుందని నా అంచనా.

ఫొటో తీసేటప్పుడు గోడకు ఎదురుగా నిలబడండి, పక్కన స్కేలు పెట్టండి. సెల్‌ఫోనులో వందల ఫొటోలు తీసి, ఏది ఏ గోడో మరిచిపోయే జబ్బు మీ తరానికి ఉన్నది. తీసిన వెంటనే నోటుబుక్కులో తేదీ, దిక్కు, అర్ర పేరు రాయండి.

రాతి మీద అక్షరాలు కనిపిస్తే మాత్రం చేతులు వెనక్కి కట్టుకొని నిలబడండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 1983లో నేనే ఒక తప్పు చేశాను. సేవా శిబిరమని పిల్లలను ఒక పల్లెకు తీసుకుపోయి, అక్కడి పాత మండపానికి సున్నం వేయించాను. ఒక స్తంభం మీద గరుకుగా ఏదో ఉంటే అక్కడ రెండు పూతలు ఎక్కువ వేయమన్నది నేనే. కొన్నాళ్లకు శాసనాలకు ప్రతులు తీసే పెద్దాయన ఒకరు ఆ ఊరికి వచ్చారు. ఆయన పద్ధతి ఏమిటంటే రాతిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో అక్షరాల గుంటల్లోకి దిగేటట్టు కొట్టి, పైన మసి అద్దుతారు. కాగితం నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. ఆ స్తంభం మీద గుంటలన్నీ నా సున్నంతో నిండి ఉన్నాయి. సాయం చేద్దామని ఊరి కుర్రవాడొకడు కొడవలితో గీకితే, సున్నంతో పాటు రాతి పొర కూడా పెచ్చుగా ఊడింది. "త" అన్న ఒక్క అక్షరం ఆ పెచ్చు మీద ఉండడం నేను కళ్లారా చూశాను. పెద్దాయన ఒక్క మాటా అనలేదు, అదే నాకు ఎక్కువ శిక్ష అయింది. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయాన్ని 1208లో ఎరకసానమ్మ కట్టించిందన్న సంగతి మనకు శాసనం వల్లనే తెలిసింది. నేను సున్నం కొట్టించిన రాతిలో ఎవరి పేరున్నదో ఇక తెలియదు. అందుకని అక్షరాల్లో సుద్దముక్క పెట్టకండి, రంగు నింపకండి. టార్చిలైటును పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీస్తే అక్షరాల నీడలు వాటంతటవే లేస్తాయి.

ఆ భవంతి వెనుక గోడ దగ్గర మరొకటి చూడండి. అసలు గోడ డంగుసున్నంతో కట్టినది. సున్నాన్ని గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు. అటువంటి గోడ తడిని పీల్చుకొని తిరిగి గాలికి వదులుతుంది. మధ్యలో ఎవరో మంచి చేద్దామని దాని మీద సిమెంటు పూశారు. లోపలి తడికి బయటికి దారి లేక, నేల నుంచి ఎక్కిన ఉప్పు పూత వెనుక పేరుకొని, గోడ పిండిలా రాలిపోతున్నది. వేలితో గీకితే మీకే తెలుస్తుంది. ఇల్లు పాతబడి పాడైందని అందరూ అంటున్నారు గానీ, ఆ గోడను మాత్రం పాడుచేసింది మరమ్మతే.

ఇంట్లో పెద్దామెను అడగవలసినవి కూడా ఉన్నాయి. ఆమెకు ఎనభై దాటాయి, కాబట్టి ముందు కూర్చొని మంచినీళ్లు తాగండి, తర్వాత నోటుబుక్కు తీయండి. మొగురాలకు, అంటే ఇంటి కర్ర స్తంభాలకు, కర్ర ఎక్కడి నుంచి తెచ్చారు, పురుడు ఏ అర్రలో పోసేవాళ్లు, ధాన్యం ఎక్కడ పోసేవాళ్లు, వాకిట్లో పడ్డ వాన నీళ్లు ఎటు పోయేవి, ఇవి ఆమె తప్ప ఇంకెవరూ చెప్పలేరు. టేపుకు అందనిదంతా ఆమె దగ్గరే ఉన్నది. ఆమె వద్దన్న మాట రాయకండి.

గీసిన పటం మూడు ప్రతులు తీద్దాం: ఒకటి ఆ ఇంటివాళ్లకు, ఒకటి మీ బడి గ్రంథాలయానికి, ఒకటి పానగల్లు మ్యూజియంలో అడిగి, తీసుకుంటామంటే అక్కడికి.

ఇంటి యజమానితో నిన్న మాట్లాడాను. ఆదివారం పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం దాకా లోపలికి రానిస్తామన్నారు. టేపు, గోడ నిటారుగా ఉన్నదో లేదో చూసే ప్లంబ్‌బాబు (దారానికి కట్టిన గుండు) నేను తెస్తాను. మీరు గళ్ల కాగితాలు, పెన్సిళ్లు, టార్చిలైటు తెచ్చుకోండి. వీధి దర్వాజతో మొదలుపెడదాం. దాని మీద చెక్కిన చిలకలను ఒక్కొక్కటిగా కొలవాలి, ఎందుకంటే ఇల్లు కూల్చేవాళ్లు అన్నింటికన్నా ముందు ఊడదీసి అమ్మేది దర్వాజనే.

ఇట్లు
మీ డ్రాయింగు తాత