దత్తతకు ఇన్ని గడువులు ఎందుకు? దేవరకొండ తండాల నుంచి అలబామా దాకా

సికింద్రాబాద్‌లో ఒక ఫెర్టిలిటీ సెంటర్ సరోగసీ పేరు చెప్పి వేరేవాళ్ల బిడ్డను దంపతుల చేతిలో పెట్టిందన్న కేసు 2025 జూలైలో బయటపడింది. అప్పటి నుంచి పాత వాదన ఒకటి మళ్లీ గట్టిగా వినపడుతోంది. చట్టప్రకారం దత్తతకు వెళితే మూడేళ్లు, నాలుగేళ్లు ఆగాలి, అందుకే జనం బ్రోకర్లను పట్టుకుంటున్నారు, కాబట్టి రూల్స్ సడలించండి అని. ఇందులో అమెరికాలో ఉన్న మనవాళ్ల గొంతు కూడా ఉంది. వాళ్ల బాధ కాస్త వేరు. సొంత చెల్లెలి బిడ్డను పెంచుకుందామని పెద్దల ఎదుట దత్తత తీసుకుని, రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తపత్రం రాయించుకున్నా అమెరికా ఎంబసీ వీసా ఇవ్వదు. ముందు 'కారా' నుంచి, అంటే కేంద్ర దత్తత సంస్థ నుంచి, ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెమ్మంటుంది. మా ఇంటి పిల్లకు ఢిల్లీ పర్మిషన్ ఏమిటని వాళ్లు అడుగుతున్నారు.

1956 నాటి హిందూ దత్తత చట్టం, విదేశీ దత్తతలపై 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు తీర్పు, 1990లో కారా ఏర్పాటు గురించి చాలామంది రాశారు, మళ్లీ రాయడం అనవసరం. పాండే తీర్పులో ఉన్న రెండు మాటలు మాత్రం ఇక్కడ కావాలి. బిడ్డను వదులుకునే తల్లికి మనసు మార్చుకోవడానికి టైం ఇవ్వాలి. విదేశీయుల కంటే ముందు మన దేశంలోనే తల్లిదండ్రుల్ని వెతకాలి. పదిహేనేళ్లపాటు ఈ రెండూ అమలవుతున్నాయనే అందరూ అనుకున్నారు. ఎలా అమలవుతున్నాయో హైదరాబాద్‌లో 1999లో ఒకసారి, 2001లో మరోసారి తెలిసింది. ఇవాళ తిట్టుకుంటున్న గడువుల్లో ఎక్కువ భాగానికి మూలం అక్కడే ఉందని నేననుకుంటున్నాను.

నల్గొండ జిల్లా దేవరకొండ, చందంపేట చుట్టుపక్కల లంబాడా తండాలు అప్పుడూ ఇప్పుడూ కరువు ప్రాంతమే. ఒకప్పుడు పెళ్లికి మగపెళ్లివాళ్లే ఓలి ఇచ్చేవాళ్లు. అది పోయి కట్నం వచ్చింది. రెండో ఆడపిల్ల, మూడో ఆడపిల్ల అనేసరికి ఇంట్లో దిగులు మొదలయ్యేది. సరిగ్గా ఆ సమయానికి గుమ్మం ముందు మధ్యవర్తి వచ్చి నిలబడేవాడు, కొన్నిసార్లు నిలబడేది. 1999లో హైదరాబాద్‌కు పసికందుల్ని తెస్తున్న ఆడవాళ్లు పోలీసులకు దొరికారు. ఆ దారి పట్టుకుని వెళితే విదేశీ దత్తతలు చేయించే లైసెన్సున్న సంస్థలు తేలాయి, వాటి నిర్వాహకులు అరెస్టయ్యారు. తండాలో తల్లిదండ్రులకు ముట్టింది వందల్లో, మహా అయితే కొన్ని వేలల్లో. అదే బిడ్డకు విదేశాల నుంచి వచ్చేది డాలర్లు, అవీ వేలల్లో. రెండేళ్ల తర్వాత ఇదే కథ మళ్లీ నడిచింది. పిల్లల్ని ప్రభుత్వం యూసుఫ్‌గూడ శిశువిహార్‌కు తరలించింది.

ఈ కథలో అసలు చూడాల్సింది ఫైలు. ఒక బిడ్డ విదేశానికి వెళ్లాలంటే స్వదేశంలో తీసుకునేవాళ్లు లేరని దత్తత సంస్థల సమన్వయ సంస్థ సర్టిఫికెట్ ఇవ్వాలి, కారా ఎన్‌ఓసీ ఇవ్వాలి, కోర్టు గార్డియన్‌షిప్ ఉత్తర్వు ఇవ్వాలి. ఆపైన ఎంబసీ వీసా. ఇన్ని చోట్ల ఫైలు ఆగేది, ఇన్ని చోట్లా ముందుకే కదిలేది. ఎందుకంటే లోపల తల్లి వేలిముద్రతో పరిత్యాగ పత్రం ఉండేది. పేదరికం వల్ల, ఆడపిల్లలు ఎక్కువైనందువల్ల బిడ్డను వదులుకుంటున్నాను అని ఉండేది. చదవడం రాని మనిషి చేత ఏం చెప్పి ఆ వేలిముద్ర వేయించారో చూడాల్సిన బాధ్యత ఆ నాలుగు చోట్లలో ఎవరూ తమదనుకోలేదు. ప్రతివాళ్లూ ముందువాళ్లు చూసే ఉంటారనుకున్నారు.

సంస్థల వాదన కూడా చెప్పాలి. మేం తీసుకోకపోతే ఆ ఆడశిశువులు బతికేవాళ్లు కాదన్నారు. ఆ తండాల్లో ఆడశిశువుల హత్యలు జరిగిన మాట నిజమే, గ్రామ్య లాంటి స్వచ్ఛంద సంస్థలు అక్కడ పనిచేసిందీ అందుకే. కానీ బిడ్డను కాపాడడానికి మధ్యవర్తికి కమిషన్ ఎందుకు?

రెండో వైపు, సముద్రాల అవతల, ఏమైందో ఒక కుటుంబాన్ని చూస్తే తెలుస్తుంది. అలబామాలో న్యాయశాస్త్రం బోధించే ఒక ప్రొఫెసరు, ఆయన భార్య 1998 చివర్లో ఆంధ్రప్రదేశ్ నుంచి అక్కాచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. పసిపాపలు కారు, జ్ఞాపకాలున్న పిల్లలు. అమెరికాలో దిగిన కొద్ది వారాలకే విషయం బయటపడింది. అమ్మ తమను ఎవరికీ ఇచ్చేయలేదు, చదువుకోవడానికి హాస్టల్లో వేసిందంతే. ఫైల్లో మాత్రం తల్లి వదులుకున్నట్టు ఉంది.

ఆ దంపతులు నోరు మూసుకుని ఉండొచ్చు. కాగితాలన్నీ వాళ్ల పక్షానే ఉన్నాయి, కోర్టు ఉత్తర్వుతో సహా. అయినా తమకు దత్తత చేయించిన ఏజెన్సీని అడిగారు, సరైన జవాబు రాలేదు. కొన్నాళ్లకే హైదరాబాద్ అరెస్టుల వార్తల్లో ఆ పిల్లలున్న అనాథాశ్రమం పేరు కనపడింది. అయినా తల్లి ఎక్కడుందో వెతికి పెట్టే అధికారి రెండు దేశాల్లోనూ దొరకలేదు. చివరికి హైదరాబాద్‌లోని సామాజిక కార్యకర్తల సాయంతో ఆమె ఆచూకీ తెలిసేసరికి సుమారు ఆరేళ్లు గడిచాయి. అప్పటికి తండ్రి లేడు, పిల్లలకు అమ్మ భాషలో మాట్లాడడం కష్టమైపోయింది. ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నకు ఇక అందరికీ నచ్చే జవాబు లేదు. ఆ ప్రొఫెసరు తర్వాత తన పరిశోధనంతా దీనిమీదే పెట్టారు. నల్లడబ్బును తెల్లగా మార్చినట్టే, కొన్న బిడ్డనో ఎత్తుకొచ్చిన బిడ్డనో కాగితాల గుండా తిప్పి చట్టబద్ధమైన అనాథగా మారుస్తారన్న ఆయన విశ్లేషణను ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. నిబంధనలు సడలించమనే తల్లిదండ్రులు ఈ దంపతుల కథ ఒకసారి చదివితే బాగుండేది. ఇది కూడా దత్తత తీసుకున్నవాళ్ల కథే కదా.

2001 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదరికం, ఎక్కువమంది సంతానం, ఆడపిల్ల కావడం లాంటి కారణాలు చూపించి బిడ్డను వదులుకోవడం కుదరదని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే ఫొటోలు అందుకుని, అమెరికాలో గది సర్దుకుని కూర్చున్న కుటుంబాలు గగ్గోలు పెట్టాయి. కొందరు హైకోర్టుకు వెళ్లారు. వాళ్ల కన్నీళ్లు అబద్ధం కాదు. అయితే అప్పుడు పత్రికల్లో వాళ్ల గురించి వచ్చినంత తండా తల్లుల గురించి రాలేదు.

ఆ తర్వాతవి వేగంగా చెప్పుకోవచ్చు. విదేశీ దత్తతలపై 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని భారత్ 2003లో ఆమోదించింది. అమెరికాలో అది 2008 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఎన్నారై బంధువుల తలనొప్పి అక్కడే మొదలైంది. హిందూ దత్తత చట్టం కింద మన దేశంలో చెల్లే దత్తత, హేగ్ పద్ధతిలో రాకపోతే వీసా దగ్గర చెల్లదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం బంధువుల బిడ్డను విదేశానికి తీసుకెళ్లడానికి వేరే దారి పెట్టింది. హిందూ చట్టం కింద అప్పటికే జరిగిపోయిన దత్తతలకు ఎన్‌ఓసీ ఇచ్చే పద్ధతి 2021 సెప్టెంబరులో గానీ రాలేదు. ఈ ఆలస్యానికి ఎన్నారైలు కోప్పడితే తప్పుపట్టలేం. పెద్దమ్మ, మేనమామ పిల్లను పెంచుకుంటామంటే ఏళ్లు తిప్పడం అన్యాయం. కానీ డబ్బిచ్చి తెచ్చుకున్న బిడ్డకు దత్తపత్రం రాయించడానికీ అదే 1956 చట్టం పనికొస్తుందని మర్చిపోకూడదు.

మర్చిపోయే వీలు కూడా లేదు. 2024 మే నెలలో హైదరాబాద్ శివారు మేడిపల్లి పోలీసులు ఢిల్లీ, పుణె నుంచి పసిపిల్లల్ని తెచ్చి తెలుగు రాష్ట్రాల్లో అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. పిల్లల్ని పెంచుకుంటున్న ఇళ్ల నుంచి తీసుకెళ్లారు. దంపతులు కోర్టుకెక్కారు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టీవీల్లో ఏడుస్తున్న పెంపుడు తల్లుల్ని చూశాం. ఆ పిల్లల్ని కన్నవాళ్లు ఎవరో, వాళ్లకు ఏం చెప్పి తెచ్చారో ఎక్కువమందికి ఇప్పటికీ తెలియదు.

ఇక సడలింపు సంగతి. ఇప్పుడున్న నిబంధనల్లో తల్లి స్వయంగా బిడ్డను అప్పగిస్తే మనసు మార్చుకోవడానికి రెండు నెలలు గడువుంది. వదిలేసిన బిడ్డ రెండేళ్ల లోపు వయసుదైతే కన్నవాళ్ల కోసం రెండు నెలలు వెతకాలి, పెద్దదైతే నాలుగు నెలలు. ఆ తర్వాతే శిశు సంక్షేమ కమిటీ దత్తతకు అర్హత ఉందని ప్రకటిస్తుంది. మూడున్నరేళ్ల నిరీక్షణలో ఈ గడువుల వాటా ఎంత? వరుసలో ముప్పై వేలకు పైగా దరఖాస్తులుంటే, దేశం మొత్తం మీద ఏడాదికి చట్టప్రకారం జరిగే దత్తతలు సుమారు నాలుగున్నర వేలే. అందులో విదేశాలకు వెళ్లేవి కొన్ని వందలే. రెండు నెలల్ని రెండు వారాలు చేసినా వరుస కదలదు. అనాథాశ్రమాల్లో ఉండి ఏ జాబితాలోనూ లేని పిల్లల్ని కమిటీల ముందుకు తేవడం, కమిటీల్లో ఖాళీలు నింపడం చేస్తే కొంత కదులుతుంది. సడలించమని అడుగుతున్నవాళ్లలో ఈ రెండూ అడిగినవాళ్లు నాకు ఎక్కువమంది కనపడలేదు.