నోరు మండించని మొక్కతోనే అసలు భయం

ఇళ్లల్లో కుండీల్లో పెంచుకునే డిఫెన్‌బాకియా మొక్క ఆకు నమిలితే పిల్లలు నిమిషంలో చనిపోతారని ఒక వాట్సాప్ ఫార్వర్డ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. అది ఉత్త పుకారు. దాన్ని నమ్మి ఆ కుండీని పారేసి, దాని చోట అడీనియం తెచ్చి పెట్టుకునేవాళ్లూ ఉంటారు. భయపడాల్సింది ఆ రెండోదానికి.

డిఫెన్‌బాకియా చేసే పని అర్థం కావాలంటే కంద కోసిన చేతిని గుర్తు తెచ్చుకోండి. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్న సామెతలోని దురదే ఇది. కంద, చేమ, డిఫెన్‌బాకియా, మనీప్లాంట్, అగ్లోనీమా, పీస్ లిల్లీ, జెడ్‌జెడ్ ప్లాంట్ అన్నీ ఒకే కుటుంబం. వీటి ఆకుల్లో, కాడల్లో కొన్ని కణాలు కాల్షియం ఆక్సలేట్ సూదుల్ని కట్టలు కట్టి దాచుకుంటాయి. ఆకు నలిగి ఆ కణానికి తడి తగలగానే లోపలి జిగురు ఉబ్బి, సూదుల్ని బయటికి చిమ్ముతుంది. అవి పెదవుల్లో, నాలుకలో దిగబడతాయి. వెంటనే మంట, వాపు, చొంగ. డిఫెన్‌బాకియా దెబ్బకు నాలుక వాచి కాసేపు మాట కూడా రాదు. దానికి డంబ్ కేన్ అని పేరు వచ్చింది అందుకే.

ఆ మంటే ఒకరకంగా రక్షణ. పిల్లవాడు మొదటి కొరుకుకే ఉమ్మేస్తాడు, రెండో ముక్క గొంతు దిగదు. ఎక్కువమందికి కొన్ని గంటల్లో తగ్గుముఖం పడుతుంది.

ఇలా జరిగితే ముందు వేలికి తడిగుడ్డ చుట్టి నోట్లోని ముక్కలు తీసేయండి. పుక్కిలించే వయసైతే పుక్కిలించమనండి. తర్వాత చల్లటి పాలో పెరుగో చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే పాత అలవాటు మాత్రం వద్దు: సూదులు గొంతును రెండోసారి గీరుకుంటూ పైకొస్తాయి, పైగా ఉప్పు ఎక్కువైతే చిన్నపిల్లలకు అదే ప్రాణం మీదికి తెస్తుంది. రసం కంట్లో పడితే పదిహేను నిమిషాలు కుళాయి ధార కింద కడగాలి. గొంతు బొంగురుపోయినా, ఉమ్మి మింగలేకపోయినా, ఊపిరిలో గురగుర వినిపించినా ఇంట్లో ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక అడీనియం. ఉబ్బిన మొదలు, గులాబీరంగు పూలు, నర్సరీలో బోన్సాయిలా అమ్ముతారు. అది గన్నేరుకు దగ్గరి చుట్టం. ఆఫ్రికాలో దాని పాలను బాణాల మొనలకు విషంగా పూసేవారు. గన్నేరు, పచ్చగన్నేరు, అడీనియం మూడింటిలోనూ గుండెను పట్టే గ్లైకోసైడ్లు అనే విషపదార్థాలు ఉంటాయి. గుండె కణాల్లో సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోసే పంపును ఇవి ఆపేస్తాయి. గుండెజబ్బుకు వాడే డిగాక్సిన్ మందు పనిచేసేదీ అక్కడే. రక్తంలో పొటాషియం పెరుగుతుంది, నాడి మందగిస్తుంది, లయ తప్పుతుంది.

వీటి రుచి చేదే గానీ సూదుల్లా నోటిని కాల్చదు. మొదట వాంతులు, కడుపునొప్పి. గుండె సంగతి గంటల తర్వాత బయటపడవచ్చు. అందుకని ‘ఆడుకుంటున్నాడుగా, బాగానే ఉన్నాడు’ అని ఊరుకోకూడదు. తిన్నాడన్న అనుమానం చాలు, ఈసీజీ తీయించాలి. ఎండుటాకులోనూ విషం పోదు, చేదు మాత్రం తగ్గుతుంది. పచ్చి ఆకు ముట్టని పశువు ఎండుటాకు మేసి పడిపోయేది అందుకే. పూజ పళ్లెంలోంచి జారి సోఫా కిందికి చేరిన గన్నేరు పువ్వు పాకే పిల్లకు సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది.

పిల్లులకు పెద్ద గండం లిల్లీ. దండల్లో కట్టే మన లిల్లీ పూలు నేలసంపెంగలు, వాటి గురించి కాదు. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల అసలు లిల్లీలు, డే లిల్లీలు ప్రమాదం. ఒంటి మీద పడిన పుప్పొడి నాకినా, కూజాలో నీళ్లు తాగినా చాలు, ఒకటి నుంచి మూడు రోజుల్లో పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి. అదే రోజు సెలైన్ ఎక్కితే బతికే అవకాశం బాగుంటుంది. ఒంటి మీద పసుపు పొడి కనిపిస్తే నాకకముందే తుడిచేసి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లి ఏ అరకైనా ఎక్కుతుంది, కాబట్టి ఆ పూలు ఇంట్లోకి తేకపోవడమే మార్గం.

కుక్కలకు సైకస్. అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఈతచెట్టులా నిలబడేది. విషం చెట్టంతా ఉన్నా గింజల్లో మరీ ఎక్కువ, ఒకటి రెండు గింజలకే కుక్క కాలేయం పాడవచ్చు. గింజలు కాసేది ఆడచెట్టే. రాలకముందే చేతికి గ్లవుజులు వేసుకుని కోసేయండి. కలబంద కూడా చెప్పుకోవాలి గానీ, తొక్క కింది పసుపు పాలకు కుక్కకో పిల్లికో విరేచనాలు పట్టుకుంటాయి, సాధారణంగా అంతవరకే.

మనీప్లాంట్ అలమర మీద ఉంటే సరిపోదు. దాని తీగ నెల తిరిగేసరికి పాకే పిల్ల చేతికి అందుతుంది. నేలకు మూడు నాలుగడుగుల పైనే కత్తిరించండి, ముక్కలు అక్కడే వదలకండి. నర్సరీవాళ్లు పేరు చెప్పకుండా అమ్మిన మొక్కలుంటే ఇప్పుడే ఆకు, పువ్వు, కాండం కనిపించేలా ఫొటోలు తీసి పేరు కనుక్కుని ఫోన్లో ఉంచుకోండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నమిలిన కొమ్మను కవర్లో వేసుకెళ్లాలి, ఎంత తిన్నాడో, ఎన్నింటికి తిన్నాడో చెప్పాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. దాన్నీ ఆ ఫొటోల పక్కనే రాసి పెట్టుకోండి.