అడ్మిషన్ ఫారంలో రెండు గడులు

బడి దరఖాస్తులో తండ్రి పేరుకో గడి, తల్లి పేరుకో గడి ఉంటాయి. ఇద్దరు అమ్మలున్న ఇంటి నుంచో, ఇద్దరు నాన్నలున్న ఇంటి నుంచో, ట్రాన్స్‌జెండర్ అమ్మ చెయ్యి పట్టుకునో వచ్చిన బిడ్డకు చిక్కు అక్కడే మొదలవుతుంది, తోటిపిల్లలు ఇంకా నోరు విప్పకముందే. కింద గార్డియన్ గడి కూడా ఉంటుంది గానీ, అది అనాథలకేనని చాలా ఆఫీసుల్లో నమ్మకం.

ఇలాంటి ఇళ్ల మీద అనుమానం వెనక పాత చట్టాలున్నాయి. రిజిస్టరుకెక్కిన 'నపుంసకులు' (హిజ్రాలను ఈ పేరుతోనే రాశారు) మైనరుకు సంరక్షకులుగా ఉండరాదనీ, కొడుకును దత్తత తీసుకోరాదనీ బ్రిటిష్‌వారి 1871 నేరస్థ తెగల చట్టం చెప్పింది. హైదరాబాద్ రాజ్యం 1329 ఫసలీలో, అంటే 1919లో, తనదీ ఒకటి చేసుకుంది. దాని కింద నమోదైన మనిషి ఇంట్లో 16 ఏళ్లలోపు మగపిల్లవాడు కనబడితే రెండేళ్ల వరకూ జైలు. బిడ్డను సాకడమే నేరమన్నమాట. నిజాం పోయినా, రాష్ట్రాలు మారినా ఈ చట్టం అలాగే నిలిచింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో హైకోర్టుకెక్కితే, 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

తండ్రి గడిది వేరే దారి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం 6వ సెక్షన్ తండ్రిని, 'అతని తర్వాత' తల్లిని సహజ సంరక్షకులంది. 'తర్వాత' అంటే తండ్రి పోయాకే అని కాదు, అతను బాధ్యత పట్టించుకోనప్పుడు కూడా అని గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లికాని తల్లి, బిడ్డ తండ్రి పేరు బయటపెట్టకుండానే సంరక్షకురాలు కావచ్చనీ, ఆమె అఫిడవిట్ ఇస్తే బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వాలనీ 2015లో తేల్చింది. 2016 చివర్లో పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నారు. ఒంటరి తల్లి పిల్లలకు పాన్ కార్డులో తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018లో మార్చారు. బడి గుమాస్తా దగ్గర మాత్రం పాత ఫారమే నడుస్తోంది.

విచిత్రమేమంటే, బడి చట్టమే అన్నిటికన్నా ఉదారం. బిడ్డ ఆలనాపాలనా ఎవరి చేతిలో ఉంటే వారే గార్డియన్ అని 2009 విద్యాహక్కు చట్టం 2(కె) చెబుతుంది. కోర్టు నియమించినవారూ అందులోకి వస్తారు, కానీ కోర్టు ఉత్తర్వు ఉంటేనే అని ఎక్కడా లేదు. 'అమ్మానాన్నలిద్దరూ ఇంటర్వ్యూకి రావాలి' అనే స్క్రీనింగును 13వ సెక్షన్ నిషేధించింది. మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదు.

అసలు ముడి పెళ్లి, దత్తత చట్టాల్లో ఉంది. హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మొదలుపెట్టిన కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించలేదు. జంటగా దత్తత తీసుకోవాలంటే రెండేళ్ల వైవాహిక జీవితం ఉండాలన్న నిబంధననూ 3-2 తేడాతో నిలబెట్టింది. అందుకని ఒకరు ఒంటరి వ్యక్తిగా దత్తత తీసుకుంటారు, రెండోవారు కాగితం మీద ఎవరూ కారు. ఒంటరి మగవాడికైతే ఆడపిల్లను ఇవ్వరు. కోళికోడ్ ట్రాన్స్ జంట జహద్, జియా బిడ్డ విషయంలో కేరళ హైకోర్టు 2025 జూన్‌లో వేరే దారి చూపింది: జనన ధ్రువపత్రంలో తండ్రి, తల్లి అని విడదీయకుండా ఇద్దరినీ 'పేరెంట్స్' అని రాయమంది.

ఇక బడిలో జరిగే పొరపాటు. గడి ఖాళీగా ఉంటే బాగుండదని గుమాస్తా మేనమామ పేరో తాత పేరో తండ్రి గడిలో రాసేస్తాడు. ఒకటో తరగతిలో అడ్మిషన్ రిజిస్టరుకెక్కిన ఆ పేరు టీసీలోకి, అక్కడి నుంచి పదో తరగతి నామినల్ రోల్‌లోకి (పరీక్ష రాసేవారి జాబితాలోకి), చివరకు ఎస్సెస్సీ మెమోలోకి పాకుతుంది. మెమో అచ్చయ్యాక దిద్దించుకోవడం గగనం. కాబట్టి చేర్చిన రోజే చట్టబద్ధమైన పేరెంట్ పేరు వారి గడిలో, రెండోవారి పేరు గార్డియన్ గడిలో రాయించి, ఆ పేజీ నకలు తీసుకోవాలి. బడిపిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లోనూ గార్డియన్‌కు విడిగా చోటుంది.

గేటు దగ్గర ఇంకో తంటా. రెండో పేరెంట్‌ను వాచ్‌మన్ ఆపేస్తాడు, ఆపడమే అతని పని. చట్టబద్ధమైన పేరెంట్ సంతకంతో ఒక ఉత్తరం ఉంటే సరిపోతుంది: రెండోవారి పేరు, ఫొటో, ఫోను నంబరు, బిడ్డను ఇంటికి తీసుకెళ్లే అనుమతి, అత్యవసరమైతే ఆస్పత్రిలో చేర్పించే అనుమతి. ఒక కాపీ హెడ్మాస్టరుకు, ఒకటి క్లాస్ టీచరుకు, ఒకటి గేటుకు. స్టాఫ్ మారుతుంటారు కనుక ఏటా జూన్‌లో కొత్తది ఇవ్వాలి. చట్టబద్ధమైన పేరెంట్ మరణిస్తే ఈ ఉత్తరం పనికిరాదు. దానికి వీలునామాలో రెండోవారిని సంరక్షకులుగా రాయాలి, లేదా 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకు వెళ్లాలి.

తరగతి గదిలో పని చిన్నదే. 'మా కుటుంబం' పాఠానికి అమ్మ, నాన్న అని ముందే అచ్చేసిన చెట్టు బొమ్మ పంచకుండా తెల్లకాగితం ఇచ్చి, ఇంట్లో ఎవరెవరుంటే వాళ్లను గీయమంటే చాలు. తాతమ్మ దగ్గర పెరిగే పిల్లలకూ, నాన్న గల్ఫ్‌లో ఉన్న పిల్లలకూ అదే తేలిక. 'మీ నాన్న ఎవరు?' అని టీచరే పదిమందిలో గుచ్చిగుచ్చి అడిగితే, అది విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిన మానసిక వేధింపు కిందికి రావచ్చు. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో గార్డియన్లో ఉండాలి. రిజిస్టరులో గార్డియన్‌గా పేరున్నవారు ఆ కమిటీకి నిలబడవచ్చు కూడా.