పోకర్ టోర్నమెంట్‌లో గెలిచిన డబ్బు, దాని మీద పన్ను: అపోహలు - వాస్తవాలు

రిటర్నులు వేసే సీజన్‌లో నా ఎదురుగా కూర్చున్న, ఆన్‌లైన్‌లో పోకర్ (డబ్బు పెట్టి ఆడే పేకాట) ఆడిన కుర్రాళ్లు అనే మాట ఒక్కటే. "సార్, గెలిచిందంతా మళ్లీ అందులోనే పోయింది. చేతికి రూపాయి రాలేదు. ఇంక ట్యాక్స్ దేనికి?"

అపోహ: ఆఖరికి నష్టమే కాబట్టి పన్ను లేదు.

ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల గెలుపుకి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 115బీబీజే, టీడీఎస్‌కి (డబ్బిచ్చేవాళ్లే ముందుగా పట్టుకునే పన్నుకి) 194బీఏ సెక్షన్లు వచ్చాయి. ఏ ఆర్థిక సంవత్సరం లెక్క ఆ సంవత్సరానిదే. ఏడాదిలో విత్‌డ్రా చేసినదానికి ఏడాది చివర, మార్చి 31న సైటు వాలెట్‌లో మిగిలినది కలపండి. అందులోంచి ఆ ఏడాది మీరు వేసిన డిపాజిట్లు, ఏడాది మొదట్లో ఉన్న బ్యాలెన్స్ తీసేయండి. మిగిలేదే నికర గెలుపు, దాని మీద 30 శాతం. ఈ లెక్కలో మార్చి 31 దగ్గరే అందరూ దెబ్బతిన్నారు.

బెంగళూరులో ఉద్యోగం చేసే ఖమ్మం కుర్రాడొకడు 2024 డిసెంబర్‌లో వచ్చాడు. ఫోన్‌లో ఫైనల్ టేబుల్ స్క్రీన్‌షాట్ చూపించాడు, రెండో స్థానం. 2023-24 ఆర్థిక సంవత్సరంలో వేసింది 40 వేలు, 2024 మార్చి 31న వాలెట్‌లో ఉన్నది 6 లక్షలు. పెద్ద టోర్నమెంట్లు ఆడదామని విత్‌డ్రా చేయకుండా ఉంచాడు. నికర గెలుపు 5,60,000. సైటువాళ్లు వాలెట్‌లోంచే 1,68,000 టీడీఎస్ పట్టుకున్నారు. అది చూసి మోసమనుకున్నాడు పాపం. మిగిలిన 4,32,000 జూన్‌కల్లా రీ-ఎంట్రీల్లో (ఓడిపోయాక మళ్లీ డబ్బు కట్టి టోర్నమెంట్‌లో చేరడంలో) కరిగిపోయింది. రిటర్నులో జీతం ఒక్కటే చూపించి, జీతగాళ్లు వేసే సాదా ఫారం ఐటీఆర్-1 వేసేశాడు. తర్వాత డిపార్ట్‌మెంట్ నుంచి లెక్కలు కలవడం లేదని మెయిల్ వచ్చింది. ఆ ప్రింటు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొచ్చాడు. "నాన్నకి తెలిస్తే ఎలా సార్" అని అడిగేటప్పుడు గొంతు పూడుకుపోయింది.

జూన్‌లో పోయిన డబ్బు తర్వాతి ఏడాది లెక్కలోకే వెళుతుంది. ఆ నష్టం వెనకటి ఏడాది గెలుపులోంచి తగ్గదు, ముందు ఏడాదులకూ పోదు, జీతంలోంచీ తగ్గదు. అదే సైటులో మార్చి 31 లోపే పోయి ఉంటే ఆ ఏడాది గెలుపే మిగిలేది కాదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది ఏడ్చారో నాకు తెలుసు. చివరికి అతను కట్టాల్సింది 6,720 రూపాయలు మాత్రమే. గడువులోపే, ఇలాంటి గెలుపు చూపించే ఫారం ఐటీఆర్-2లో రివైజ్డ్ (సరిదిద్దిన) రిటర్ను వేశాం. వారం తర్వాత మొదటిసారి ఆ రాత్రి నిద్రపోయానని మెసేజ్ పెట్టాడు.

అపోహ: టీడీఎస్ కట్ అయింది, మన పని అయిపోయింది.

కాలేదు. టీడీఎస్ 30 శాతమే, పన్ను మీద 4 శాతం సెస్ కలిపితే 31.2 అవుతుంది. ఆ 6,720 ఈ తేడాయే. మిగతా ఆదాయం ఏమీ లేని విద్యార్థికైనా ఈ గెలుపు మీద ప్రాథమిక మినహాయింపు (ఇంత ఆదాయం దాకా పన్ను లేదనే వెసులుబాటు) ఉండదు, పొదుపుల మీద ఇచ్చే 80సీ తగ్గింపు ఉండదు.

అపోహ: పోకర్ నైపుణ్యం ఆట, బిజినెస్ ఆదాయంగా చూపించవచ్చు.

వాట్సాప్‌లో తిరిగే మాట ఇది. 115బీబీజేలో నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే లేదు.

అపోహ: ఇంట్లోవాళ్ల పాన్ మీద ఆడితే మన పేరు రాదు.

దీనికి మాత్రం నాకు కోపం వస్తుంది. కరీంనగర్ నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. చెల్లెలి కొడుకు ఆమె పాన్‌తో అకౌంట్ తెరిచాడు. "నేను జన్మలో పేక ముట్టలేదు బాబూ" అంటూ 26ఏఎస్ (పాన్ మీద పడిన టీడీఎస్ చూపించే పట్టిక) కాగితం పట్టుకున్న ఆవిడ చెయ్యి వణుకుతోంది. టీడీఎస్ ఎవరి పాన్ మీద పడితే నోటీసు వాళ్ల ఇంటికే వస్తుంది.

అపోహ: రిటర్నులో చూపిస్తే పోలీసు కేసు అవుతుంది.

దాచిపెట్టి లాభం లేదు, టీడీఎస్ ఎప్పుడో 26ఏఎస్‌లోకి ఎక్కింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించిన 2025 కేంద్ర చట్టంలో శిక్షలు ఆట నడిపేవాళ్లకి, ప్రకటనలిచ్చేవాళ్లకి, డబ్బు లావాదేవీలు చేసిపెట్టేవాళ్లకి. తెలంగాణలో 2017 నుంచే డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం నిషేధం. ఆ భయం ఉన్నవాళ్లు వకీలుని విడిగా అడగండి, రిటర్ను మాత్రం ఆపకండి.

పాత ఏడాదివి చూపించకుండా మిగిలిపోయి ఉంటే, ఆలస్యంగా సరిచేసుకునే ఐటీఆర్-యు ఉంది. అదనపు పన్ను 25 శాతం నుంచి మొదలై ఆలస్యమయ్యే కొద్దీ 70 దాకా పోతుంది. ఆ కేంద్ర చట్టం రావడంతో సైట్లు 2025 ఆగస్టులో డబ్బు ఆటలు ఆపేశాయి. మీ అకౌంట్ ఇంకా తెరుచుకుంటుంటే డిపాజిట్లు, విత్‌డ్రాల స్టేట్‌మెంట్, ఫారం 16ఏ (టీడీఎస్ సర్టిఫికెట్) ఈ రోజే డౌన్‌లోడ్ చేసుకోండి. నా దగ్గరికి వచ్చినా, ఇంకెవరి దగ్గరికి వెళ్లినా మొదట అడిగేవి అవే.