పట్టపగలు దీపాలు: భవనాల లోతు పెరిగిన కథ

ఆకాశం మబ్బు పట్టి ఉన్నా మధ్యాహ్నం వేళ ఆరుబయట సుమారు 10,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉంటుంది. బల్ల ముందు కూర్చుని చదవడానికీ రాయడానికీ 300 నుంచి 500 లక్స్ సరిపోతుంది. అయినా కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, దుకాణ సముదాయాల్లో పట్టపగలే దీపాలన్నీ వెలుగుతూ ఉంటాయి. అక్కడివాళ్ల అజాగ్రత్తే దీనికి కారణమనుకుంటే పొరపాటు. గోడకూ గోడకూ మధ్య దూరం పెరగడంలో దీని మూలం ఉంది.

విద్యుద్దీపాలు బలపడక ముందు భవనం ఎంత లోతుగా, అంటే కిటికీ నుంచి లోపలి వైపు ఎంత దూరం, ఉండవచ్చో కిటికీయే తేల్చేది. కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తున ఉంటే, దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే పనికొచ్చే వెలుతురు లోపలికి చేరుతుందన్నది కట్టడపు పనిలో పాత లెక్క. పంతొమ్మిదో శతాబ్దం చివర షికాగో, న్యూయార్క్ నగరాల్లో ఎత్తైన కార్యాలయ భవనాలు లేచినప్పుడు, కిటికీ నుంచి నడవా గోడ దాకా గది లోతు 8, 9 మీటర్లు దాటనిచ్చేవారు కాదు. అంతకన్నా లోపలి చోటుకు మంచి అద్దె రాదు. 1888లో షికాగోలో పూర్తయిన రూకరీ భవనం మధ్యలో పైనుంచి వెలుగు దిగే పెద్ద ఖాళీ వదిలి, గదులను దాని చుట్టూ అమర్చారు.

వెలుతురుకు అంత విలువ ఉండేది కాబట్టే దాని మీద పన్ను కూడా పడింది. ఇంగ్లండులో 1696 నుంచి 1851 వరకు కిటికీల సంఖ్యను బట్టి పన్ను వసూలు చేయగా, ఆ భారం తప్పించుకోవడానికి చాలామంది ఉన్న కిటికీలనే ఇటుకలతో మూసేశారు. పన్ను రద్దయిన ఆ ఏడాదే లండన్‌లో ఇనుము, గాజులతో క్రిస్టల్ ప్యాలెస్ అనే ప్రదర్శనశాల నిలబడింది.

1890ల నాటి లక్స్‌ఫర్ గాజు పలకల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అరచేతి వెడల్పున్న ఈ చదరపు పలకకు బయటి వైపు నునుపుగా, లోపలి వైపు రంపపు పళ్లలా అడ్డగీతలుగా ఉంటుంది. ఇలాంటివి వరుసగా పేర్చి దుకాణం కిటికీకి పైభాగాన బిగిస్తే, ఆకాశం నుంచి ఏటవాలుగా పడే కాంతి ఆ పళ్ల దగ్గర వంగి, గుమ్మం దగ్గరే నేల మీద పడిపోకుండా గది వెనక భాగం దాకా సాగేది. గాజులో కలిపిన మాంగనీసు వల్ల వీటిలో కొన్ని ఎండకు క్రమంగా ఊదారంగుకు తిరిగాయి. కరెంటు ఖర్చు లేని ఇంత తెలివైన ఉపాయం మరుగున పడిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అది మరుగున పడడానికి కారణం ట్యూబ్‌లైటు. పాత ఫిలమెంటు బల్బులు వెలుగు కన్నా వేడి ఎక్కువగా ఇచ్చేవి కాబట్టి లోతైన హాళ్లను వాటితో నింపడం కష్టమయ్యేది. 1938లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఫ్లోరోసెంట్ దీపాలు ఆ చిక్కు చాలావరకు తీర్చాయి, గాలి సంగతి ఏసీ చూసుకుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన కార్యాలయాల్లో కిటికీకి చాలా దూరంగా బల్లలు వేయడం మామూలైంది. అమెరికాలో కిటికీలే లేని బడులు కూడా కట్టారు. పిల్లలను రోజంతా అలాంటి గదుల్లో కూర్చోబెట్టడం, నా దృష్టిలో, ఆ కాలపు పెద్ద తప్పు.

1973 చమురు సంక్షోభంతో ఇంధన ఖర్చు పెరిగాకే కిటికీ మళ్లీ చర్చలోకి వచ్చింది. ఆరోగ్యం మాట తర్వాత కలిసింది. కంటి రెటీనాలో, దృశ్యాన్ని చూపడం కన్నా శరీర గడియారాన్ని పగటి వెలుగుకు అనుగుణంగా సరిదిద్దడమే ముఖ్యమైన పనిగా గల కణాలు ఉన్నాయని 2002లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. 2018లో వచ్చిన యూరప్ ప్రమాణం ఈఎన్ 17037, పగటి గంటల్లో సగం సేపైనా గదిలో సగం మేర 300 లక్స్ అందేలా చూడమంటుంది. కళ్లు జిగేల్మనే సమస్యనూ పట్టించుకుంటుంది.

ఆ చివరి మాట చాలా ముఖ్యం. గోడంతా గాజు పెడితే సరిపోతుందనుకుని కట్టిన భవనాల్లో ఎండ కంప్యూటర్ తెరల మీద పడి, జనం పరదాలు దించేసి, మళ్లీ దీపాలే వేసుకుంటున్నారు. కావలసింది ఎత్తున ఉండే కిటికీ, దానికి తగిన నీడ, లోతు తక్కువైన గది. ఇవి నక్షా గీసేటప్పుడే కుదరాలి. ఇప్పటికే లోతుగా కట్టేసిన వాటిలో పై అంతస్తుకు స్కైలైటు (పైకప్పులో గాజు కిటికీ) పెట్టవచ్చు. కనీసం కిటికీ పక్క దీపాల వరుసకు వేరే స్విచ్చు ఇస్తే, వెలుతురు ఉన్నంతసేపు ఆ ఒక్క వరుసనైనా ఆర్పి ఉంచవచ్చు.