లిప్‌స్టిక్ పామ్‌కి (మట్టలు ఎర్రగా మెరిసే, పిలకలు వేసే అలంకార పామ్) నీళ్లెక్కువైతే ఏమవుతుంది?

అపోహ: పామ్ జాతి కదా, మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది.

నా దగ్గర మొక్క పట్టుకెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఈ భయంతోనే దాన్ని ఎండబెట్టి చంపుకుంటారు. మలేసియా, సుమత్రా, బోర్నియోల చిత్తడి అడవులు దీని పుట్టిల్లు. ఆకులూ కొమ్మలూ సగం కుళ్లి పేరుకున్న నల్లటి నేల, టీ డికాక్షన్ రంగు నీళ్లు. ఆ నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువ. అలాంటి చోట పెరిగే చెట్టుకి తడి తగ్గితేనే టెన్షన్. నేను కుండీ కింద ప్లేటు పెట్టి, రెండు వేళ్ల లోతు నీళ్లుంచి, వాసన పట్టకముందే మారుస్తుంటాను. వాన నీళ్లయితే మరీ మంచిది. సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తూ పోతే మట్టిలో ఇనుము ఉన్నా వేర్లకి అందదు. ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య ఆకు పాలిపోతుంది. అది చూసి చాలామంది నీళ్లు ఎక్కువయ్యాయనుకుని ఇంకా తగ్గిస్తారు!

అపోహ: ఎరుపు లేదంటే వేరే మొక్క అంటగట్టారు.

తొందరపడకండి. చిన్న మొక్క పచ్చగానే ఉంటుంది, అసలు రంగు తేలడానికి ఏళ్లు పడుతుంది. పైగా ఎరుపు కాండానిది కాదు. మట్ట అడుగుభాగం కాండాన్ని గొట్టంలా చుట్టుకుని ఉంటుంది, లక్క పూసినట్టు మెరిసేది అదీ, మట్ట కాడానూ. ముదిరిన మట్ట ఊడిపోతే లోపల గణుపుల గుర్తులతో మామూలు కాండమే కనిపిస్తుంది.

అపోహ: అరటి పిలకల్లా తవ్వి నాటుకోవచ్చు.

నేనూ అలాగే అనుకుని ఒకసారి మూడు పిలకలు కోశాను, మూడూ పోయాయి. తీరా చూస్తే ఒక్కదానికీ సొంత వేరు లేదు. ఇప్పుడు ముందు మట్టి పక్కకి తీసి, పిలకకి వేర్లు దిగాయని కళ్లారా చూశాకే కత్తి పెడతాను. ఆ తర్వాత నీడలో, గాలిలో తేమ తగ్గకుండా కొన్ని నెలలు. విత్తనంతో అయితే ఇంకా ఓపిక కావాలి, అది ఎండితే మొలవదు.

అపోహ: పొడుగైతే తల నరికేయొచ్చు.

ఒక్కో కాండానికి మొవ్వు, అంటే కొత్త ఆకులు పుట్టే చిగురు, ఒక్కటే. అది పోతే ఆ కాండం పోయినట్టే.

అపోహ: చలికి గోనెపట్టా కప్పితే చాలు.

చాలదు. రాత్రిళ్లు 10 డిగ్రీల దాకా దిగే చోట నేలలో నాటొద్దు. కుండీలోనే పెంచి, చలికాలంలో లోపలికి తెచ్చుకోండి. అప్పుడు కూడా ప్లేటులో నీళ్లు మాత్రం ఎండనివ్వొద్దు.