పాత రాక్ బ్యాండ్, కొత్త మనుషులు: స్టేజీ మీంచి చూస్తే కనిపించే అపోహలు, వాస్తవాలు

మొన్న శనివారం రాత్రి మా విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా స్నేహితుడి మేడ మీద ఏడెనిమిది మందిమి కూర్చుని ఇంగ్లండు రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ ఈ మధ్య చేసిన కచేరీ వీడియో చూశాం. పాట సగంలో ఉండగానే వాదన మొదలైంది. "ఏటి బావా, గిటార్ వాయిస్తున్నదెవుడు? బ్లాక్‌మోర్ లేకుండా ఇది డీప్ పర్పులేటి?" అని ఒకడు. "గిల్లన్ గొంతు అయిపోనాదిరా" అని ఇంకొకడు. బ్లాక్‌మోర్ ఆ బ్యాండ్ పాత గిటారిస్టు, గిల్లన్ గాయకుడు. నేను ఇరవై రెండేళ్లుగా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆర్కెస్ట్రా పార్టీల్లో గిటార్ వాయిస్తున్నాను. వాయించని రోజుల్లో మిక్సర్ దగ్గర కూర్చుంటాను. ఈ మాటలు విన్నప్పుడల్లా నాలో నేను చెప్పుకునే జవాబులు ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: మొదట్నుంచీ ఉన్నవాళ్లు లేకపోతే అది అసలు బ్యాండ్ కాదు.

వాస్తవం: డీప్ పర్పుల్ 1968లో మొదలైంది. అప్పుడు పాడింది రాడ్ ఎవాన్స్, బేస్ వాయించింది నిక్ సింపర్. మనం అసలువాళ్లనుకునే ఇయాన్ గిల్లన్, రోజర్ గ్లోవర్ 1969లో వచ్చారు. అంటే మనం ప్రాణం పెట్టుకున్న లైనప్పే, ఆ మనుషుల జట్టే, రెండోది. 1973లో వాళ్లిద్దరూ వెళ్లిపోతే డేవిడ్ కవర్‌డేల్, గ్లెన్ హ్యూస్ వచ్చారు. 1975లో బ్లాక్‌మోర్ వెళ్లాడు, టామీ బోలిన్ వచ్చాడు, 1976లో బ్యాండే ఆగిపోయింది. 1984లో రెండో లైనప్ మళ్లీ కలిసింది. 1993లో బ్లాక్‌మోర్ మళ్లీ వెళ్లిపోయాడు. కొన్నాళ్లు జో సాట్రియానీ సాయం పట్టాక 1994లో స్టీవ్ మోర్స్ వచ్చి 2022 దాకా ఉన్నాడు. బ్లాక్‌మోర్ రెండు విడతలూ కలిపినా అన్నేళ్లు లేడు. ఇరవై ఎనిమిదేళ్లు వాయించిన మనిషిని "ఆ కొత్తాయన" అనడం నాకు న్యాయంగా అనిపించదు. భార్య అనారోగ్యం వల్ల మోర్స్ తప్పుకోవడంతో ఆ చోటు సైమన్ మెక్‌బ్రైడ్‌ది అయింది.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. 1980లో అదే రాడ్ ఎవాన్స్ ముందు నిలబడి, బ్యాండ్‌తో సంబంధం లేని వాళ్లను పక్కన పెట్టుకుని, డీప్ పర్పుల్ పేరుతో కచేరీలు చేశాడు. జనం తిరగబడ్డారు, వ్యవహారం కోర్టుకెక్కింది, ఆ పేరు వాడకూడదని తేలింది. మొట్టమొదటి గాయకుడు స్టేజీ మీదే ఉన్నాడు, అయినా అది డీప్ పర్పుల్ కాలేదు.

మరి దేన్ని చూసి తేల్చాలి? మన దగ్గరున్న రెండు కళల్నే గుర్తు తెచ్చుకోండి. హరికథలో అంతా దాసుగారే. ఆదిభట్ల నారాయణదాసుగారు ఉన్న ఊరు మనది, ఆ సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు. దాసు మారితే కథ పేరు అదే అయినా కథ వేరే. తప్పెటగుళ్లు అలా కాదు. గుండెలకి రేకు తప్పెట కట్టుకుని, కాలి గజ్జెలతో పాతికమంది ఒక్క ఊపులో ఎగురుతారు. పెద్దాయన మోకాళ్లు సహకరించక పక్కన కూర్చుంటే ఆయన కొడుకో మేనల్లుడో ఆ తప్పెట కట్టుకుంటాడు. దళం పేరు ఊరి పేరే. ఇది అసలు దళమేనా అని ఎవరూ అడగరు.

రాక్ బ్యాండ్లలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. మోటర్‌హెడ్ హరికథ లాంటిది. 2015 డిసెంబరులో దాని గాయకుడు, నాయకుడు లెమ్మీ పోవడంతోనే బ్యాండ్ ముగిసింది, మిగిలినవాళ్లు ఆ మాట వెంటనే చెప్పేశారు. డీప్ పర్పుల్ తప్పెటగుళ్ల దళం లాంటిది. ఒకదాన్ని రెండోదాని కొలతతో కొలిస్తే వాదన తెగదు.

అపోహ: గిటారిస్టో గాయకుడో మారితేనే బ్యాండ్ మారినట్టు. డ్రమ్స్ దగ్గర ఎవరున్నా ఒకటే.

వాస్తవం: నేను గిటారిస్టుని, అయినా ఈ మాట ఒప్పుకోను. మా పార్టీలో పదకొండేళ్లు డ్రమ్స్ వాయించిన అన్నయ్య కుటుంబంతో వేరే ఊరెళ్లిపోయాడు. ఆయన చోటికి బొబ్బిలి వైపు నుంచి ఒక కుర్రాణ్ని తెచ్చుకున్నాం. చెయ్యి శుభ్రం, లయ గట్టిది, ఒక్క దెబ్బ తప్పడు. గజపతినగరం దగ్గర ఒక జాతరలో మొదటి ప్రోగ్రాం. మొదటి పాట పల్లవి అవ్వకుండానే బేస్ వాయించే తమ్ముడు నా వైపు చూశాడు, నేను కీబోర్డు వైపు చూశాను. తప్పు ఎవరిదీ కాదు, కానీ ఎవరి కాళ్లూ నేల మీద ఆనడం లేదు. తర్వాత కూర్చుని వింటే అర్థమైంది. అన్నయ్య స్నేర్ (టకమని మోగే చిన్న డ్రమ్) దెబ్బని వెంట్రుకవాసి ఆలస్యంగా వేసేవాడు. పాటకి ఒక బరువు వచ్చేది, మేమంతా ఆ బరువు మీద వాలి వాయించడం అలవాటు చేసుకున్నాం. కుర్రాడు సరిగ్గా లెక్క మీద వేస్తున్నాడు. మేం ఖాళీలోకి వాలుతున్నాం. కుదురుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మారింది అతనొక్కడే కాదు, మేం నలుగురం మారాం. ఇప్పుడు మా పార్టీ పాటలు కాస్త చురుగ్గా నడుస్తాయి, నా గిటార్‌లో కూడా పొడవాటి నోట్లు తగ్గాయి.

అందుకే లెడ్ జెపెలిన్ నిర్ణయం నాకు బాగా అర్థమవుతుంది. 1980 సెప్టెంబరులో డ్రమ్మర్ జాన్ బోనమ్ చనిపోతే, గాయకుడూ గిటారిస్టూ బేస్ వాయించేవాడూ ముగ్గురూ ఉండి కూడా ఆ డిసెంబరులో బ్యాండ్ ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఇటు డీప్ పర్పుల్‌లో ఇన్ని లైనప్‌లు మారినా అన్నిట్లో ఉన్న మనిషి ఒక్కడే, డ్రమ్మర్ ఇయాన్ పేస్. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి ఆయన కిట్ మిగతావాళ్లకి తిరగేసినట్టు ఉంటుంది. వీడియోలో ఆ అమరిక కనిపించగానే నాకు ధైర్యం వస్తుంది. గిటార్ ఎవరి చేతిలో ఉన్నా కింద నేల అదే.

అపోహ: శ్రుతి దించి పాడడం మోసం.

వాస్తవం: పద్యనాటకాలు చూసినవాళ్లు ఈ మాట అనకూడదు. పాతికేళ్లప్పుడు ఐదున్నర శ్రుతిలో రాగం తీసిన నటుడు అరవై దాటాక దించుకుని పాడితే, ఆ పద్యంలో భావం ఎక్కడికి పోతుంది? గొంతు కూడా మోకాళ్ల లాంటిదే, వయసుతో సాగే గుణం తగ్గుతుంది. గిల్లన్ 1945లో పుట్టాడు. 1970లో వచ్చిన 'చైల్డ్ ఇన్ టైమ్'లో తారస్థాయిలో వేసే కేకలు ఆయన 2002 తర్వాత కచేరీల్లో పాడటం లేదు. పాట పాడు చేయకుండా పక్కన పెట్టడాన్ని నేను గౌరవిస్తాను.

బయటికి తెలియని కష్టం ఇంకోటి ఉంది. శ్రుతి హాఫ్ నోట్ (అర మెట్టు) దించమంటే కీబోర్డు వాడు ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కుతాడు, అంతే. గిటార్‌కి ఆ బటన్ లేదు. ఆరు తీగలూ సడలించాలి. అన్నిటికన్నా లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగేది 78కి దిగుతుంది. తీగ వదులై వేలి కింద జారుతుంది, గట్టిగా మీటితే శ్రుతి పైకి పోయి తిరిగొస్తుంది. దానికి లావు తీగలు వేసుకోవాలి, చెయ్యి మళ్లీ సాధన చెయ్యాలి. ఒక పెద్దాయన గొంతు కోసం స్టేజీ మీద మిగతావాళ్లు ఇంత సర్దుకుంటారు.

అపోహ: లైవ్‌లో రికార్డులో ఉన్నట్టే రావాలి.

వాస్తవం: డీప్ పర్పుల్‌కి లైవ్‌లో అంత పేరు తెచ్చిన 'మేడ్ ఇన్ జపాన్' చూడండి. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యోలలో రికార్డు చేశారు. 'స్పేస్ ట్రకిన్' అనే పాట స్టూడియోలో నాలుగున్నర నిమిషాలు. ఇందులో దాదాపు 20 నిమిషాలు. రికార్డు లాగే కావాలంటే ఇంట్లో రికార్డు ఉంది.

అపోహ: కొత్తగా వచ్చినవాడు పాతవాడిని అచ్చు దింపాలి.

వాస్తవం: పల్లవి లాంటి రిఫ్‌ని, అంటే గిటార్ మీద పదే పదే వచ్చే ఆ వరసని, ముట్టుకోకూడదు, అది జనం సొత్తు. సోలో మాత్రం వాయించేవాడిది. మన దేశపు బ్యాండ్ ఇండియన్ ఓషన్ దీనికి మంచి ఉదాహరణ. 2009లో ఆషీమ్ చక్రవర్తి పోయారు. ఆయన తబలా వాయిస్తూ పాడేవారు. ఆయన్ని అనుకరించే ఒక్కరి కోసం వెతక్కుండా తబలాకి ఒకరిని, పాటకి ఇంకొకరిని తెచ్చుకున్నారు. ఒకరి చోటు ఖాళీ అయితే ఇద్దరు పట్టారు. ఆయనకి అంతకన్నా గౌరవం ఏముంటుంది!

అపోహ: జనంలోంచి తీసిన ఫోన్ వీడియో చూస్తే ఎవరు ఎలా వాయించారో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. ఫోన్ మైకు చప్పుడు పెరిగినప్పుడల్లా దానంతటదే మొత్తాన్ని నొక్కేస్తుంది. డ్రమ్ దెబ్బ పడ్డ ప్రతిసారీ గొంతు మునిగి తేలుతుంది, బేస్ సగం వినబడదు. పైగా ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లే నడుస్తుంది. 70 మీటర్ల వెనక నిలబడి తీస్తే డ్రమ్ మీద కర్ర పడ్డాక సెకనులో ఐదోవంతు ఆలస్యంగా దెబ్బ వినిపిస్తుంది. మా ఊరి అయోధ్య మైదానంలో చివర నిలబడి స్టేజీ చూసినవాళ్లకి ఇది అనుభవమే. "ముసలాళ్లు తాళం తప్పుతున్నారు" అని మా మేడ మీద తేల్చిన వీడియో అలాంటిదే.

అపోహ: చెవిలో ఇయర్‌పీస్ ఉందంటే పాట ముందే రికార్డు చేసి వేస్తున్నారు.

వాస్తవం: అది మానిటర్. ఎవరి గొంతు, ఎవరి వాయిద్యం వాళ్లకి వినబడటానికి పెట్టుకుంటారు, చెవికి రక్షణ కూడా. చెవి ఎంత ముఖ్యమో ఏసీ/డీసీ బ్యాండ్ గాయకుడు బ్రయాన్ జాన్సన్‌ని చూస్తే తెలుస్తుంది. వినికిడి పూర్తిగా పోయే ప్రమాదం ఉందని డాక్టర్లు చెప్పడంతో 2016లో ఆయన టూర్ మధ్యలో ఆగాల్సి వచ్చింది. మా కుర్రాళ్లకి నేను దూది కాదు, సరైన ఇయర్‌ప్లగ్‌లు కొనిపించాను.

వచ్చే శనివారం మేడ మీద నేనొకటి చేయబోతున్నాను. 'స్మోక్ ఆన్ ది వాటర్' మూడు లైవ్ రికార్డింగులు వరసగా పెడతాను: 1972లో బ్లాక్‌మోర్‌ది, తర్వాత మోర్స్‌ది, చివర మెక్‌బ్రైడ్‌ది. మొదటిసారి ఎవరూ గిటార్ వినకూడదు. పేస్ హైహ్యాట్ (డ్రమ్స్ పక్కనుండే జంట తాళాలు) మీద కుడిచేత్తో కాకుండా ఎడమచేత్తో వేసే ఆ నడక ఒక్కటే వినాలి. రెండోసారి వాదించుకోవచ్చు.